తొమ్మిది ఫోన్ల మామ్మ

నేను పెట్టిన ఒక సంతకం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఈ మాట అంటే మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. "రూలు ప్రకారమే చేశారుగా మేంగ్ గారూ" అంటారు. రూలు ప్రకారమే చేశాను, కాదనను. నన్ను తినేస్తున్నదీ అదే.

నా పేరు మేంగ్ యన్-సుక్. యాభై ఏడేళ్లు. చుంగ్‌చంగ్ కొండల్లో, మిరప తప్ప మరేదీ సరిగ్గా పండని జిల్లా మాది. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బాగోగులు చూసి రాయడం నా ఉద్యోగం. మాత్రలు వేసుకున్నారా, గ్యాస్ కట్టేశారా, చలికి గది నేల కింద పెట్టే వేడి రాత్రి సరిగ్గా అందుతోందా, ఇవీ నేను అడిగేవి. మర్యాదకి వాళ్ళు నన్ను టీచరంటారు. మంగళవారమంతా సేత్‌గోల్ అనే ఊరికే సరిపోతుంది. అక్కడ ఒంటరివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు.

మా వైపు మనుషుల గురించి ఒక మాట ముందే చెప్పాలి. మా వాళ్ళకు కాదు, లేదు, వద్దు అనడం చేతకాదు. దేనికైనా ఒకటే మాట, పర్లేదు. అన్నం తింటారా అంటే పర్లేదు. అది ఆకలితో అన్నదో కడుపు నిండి అన్నదో మీరే కనుక్కోవాలి. కిందటేడు పొలంలో ట్రాక్టరు తిరగబడితే, దాని కింద కాలు ఇరుక్కున్న పెద్దమనిషి నన్ను చూసి "పర్లేదు, మీ పని చూసుకోండి" అన్నాడు. అబద్ధం కాదు, నేను అక్కడే ఉన్నాను.

అలాంటి ఊరికి కిందటేడు ఏప్రిల్లో స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఆ ముందు చలికాలంలో పక్క పల్లెలో ఒక ముసలాయన తన ప్రాణం తనే తీసుకున్నాడు. అంతకు రెండ్రోజుల ముందే ఇంటికి వెళ్ళినవాళ్ళతో కూడా ఆయన పర్లేదనే అన్నాడట. అందుకని ఒక యూనివర్సిటీ వాళ్ళు ముందుకొచ్చి, ముసలివాళ్ళ ఒంటరితనాన్ని ఫోనుతో కొలుస్తామన్నారు. ఫోను రోజుకు మూడుసార్లు మోగుతుంది, పదింటికి, రెండింటికి, ఆరింటికి. నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఒంటరిగా ఉందా, మనసు బరువుగా ఉందా, ఇవాళ ఎవరితోనైనా మాట్లాడారా, బతికి ఏం లాభం అనిపించిందా. సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె నొక్కాలి. నొక్కినా నొక్కకపోయినా అది మనిషి వేసిన అడుగులు లెక్కపెట్టుకుంటుంది, గడప దాటారో లేదో చూసుకుంటుంది. అన్నీ కలిపి రోజూ నా ఫోనులో మనిషికొక చుక్క పడుతుంది, ఆకుపచ్చో పసుపో ఎరుపో. ఎరుపు పడితే నేను ఆ రోజే వెళ్ళాలి. అది తగ్గేదాకా రోజూ వెళ్ళాలి.

తొమ్మిదిమందిలో చదువొచ్చింది ఒక్క బోంగ్వా మామ్మకే. కాపరానికొచ్చిన ఆడవాళ్ళని మేం పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తాం. ఆమెది బోంగ్వా, కాబట్టి అరవై ఏళ్లుగా బోంగ్వా. అసలు పేరు గిల్-ర్యే. ఆ పేరు నాకు కూడా ఫోను చూశాకే తెలిసింది. "గిల్-ర్యే గారూ, నమస్కారం" అని అది మోగినప్పుడు ఆమె చుట్టూ చూసి, "ఎవరినో పిలుస్తోంది" అంది.

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. పిల్లల్లేరు. భర్త పోయి పదకొండేళ్లయింది. చిన్నప్పుడు నాలుగో తరగతి దాకా చదివింది, ఆ చదువుతోనే ఊరికంతటికీ పనికొచ్చింది. ఒకప్పుడు సేత్‌గోల్ మగవాళ్ళు సగంమంది సౌదీ ఎడారికి రోడ్లు వెయ్యడానికి పోయారు. వాళ్ళ పెళ్ళాలకు ఉత్తరాలు రాసిపెట్టింది ఈమే. వచ్చిన ప్రతి ఆడమనిషీ "బాగానే ఉన్నామని రాయి" అనేదట. ఈమె పెన్సిలు పట్టుకుని కదలకుండా కూర్చునేదట. కాసేపటికి అవతలి మనిషి ఏడుపో కోపమో బయటపెట్టాక, అప్పుడు రాసేదట.

ఫోన్లొచ్చిన మొదటి వారం ఆమె ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు చదివి వినిపించి, వాళ్ళు చెప్పింది నొక్కిపెట్టింది. రెండో వారానికి ముసలివాళ్ళు తెలివిమీరారు. చార్జింగ్ ఎవడు పెట్టుకుంటాడు, నీ దగ్గరే ఉంచు అన్నారు. అలా తొమ్మిది ఫోన్లూ ఆమె గదిలోకి చేరాయి. రాత్రి గోడవారన వరసగా చార్జింగుకి పెట్టేది. పొద్దున గుడ్డసంచిలో వేసుకుని భుజాన తగిలించుకునేది. రోజుకు మూడుసార్లు ఊరంతా తిరిగి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగేది. నువ్వు నా చేలో ఒక పూట వంగితే నేను నీ చేలో ఒక పూట వంగడం మా పల్లెల్లో పాత అలవాటే, ఇదీ ఆ లెక్కలోనే పడింది. ఆ ఏడు ఆమె మిరప నారు వాళ్ళే నాటారు, కాయలు వాళ్ళే కోశారు, నడుం వంగని వాళ్ళు వచ్చి తొడిమలు తుంచారు.

ఇదంతా నాకు తెలుసు. తప్పని కూడా తెలుసు, ఎవరి ఫోను వాళ్ళ ఒంటి మీదే ఉండాలని కాగితంలో ఉంది. కానీ నా తొమ్మిది చుక్కలూ వేళకి పడుతున్నాయి, నాకు పని తేలికైంది. కళ్ళు మూసుకున్నాను.

ఆమె అడిగే తీరు చూడ్డానికి నేను కావాలనే పదింటికి ఊళ్ళోకి వెళ్ళేదాన్ని. కింది వీధిలో ఎనభై ఎనిమిదేళ్ల దాన్యాంగ్ మామ్మ ఉండేది. నడుం పూర్తిగా వంగిపోయి, పాత పసిపిల్లల తోపుడుబండి పట్టుకుని నడిచేది. ఒకరోజు ఆమె అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"అక్కా, పదైంది. ఒంటరిగా ఉందా?"

"పర్లేదు."

"ఏ పర్లేదు?"

"పర్లేదంటే పర్లేదే. అందులో రకాలేంటి?"

"నిన్న నా మొహం చూసి అన్నావు. ఇవాళ గోడ చూసి అంటున్నావు."

"గోడకి సున్నం రాలుతోంది. అందుకు చూశా."

"సరే, రెండు వేస్తున్నా."

"రెండెక్కువ. ఒకటిన్నర వెయ్యి."

"ఒకటిన్నర లేదక్కా. ఇదేమన్నా బియ్యమా?"

దాన్యాంగ్ మామ్మ కాసేపు గొణుక్కుని, "అయితే రెండే వెయ్యి. మా తమ్ముడు మాట్లాడి నెలైంది" అంది.

అలా తూచేది ఆమె. గొంతు తగ్గించి అన్న పర్లేదుకి ఒకటి. ఆలస్యంగా వచ్చిన పర్లేదుకి రెండు. జూలైలో ఒక సాయంత్రం, ఆ తొమ్మిదిమందిలోనే ఒకడైన తక్ తాత దగ్గర కూర్చుంటే, నాలుగో ప్రశ్న సగంలో ఉండగానే ఆయన పర్లేదు అనేశాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. నాలుగు నొక్కి, బయటికొచ్చి నాకు ఫోన్ చేసింది. "టీచరూ, ఆయన కుక్కని నిన్న ఎవరికో ఇచ్చేశాడు. నువ్వు భోంచేసి రాకు, ఇప్పుడే రా" అంది. వెళ్ళాను. ఆయన్ని ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్చాం. ఇప్పుడు బాగున్నాడు, కుక్క కూడా తిరిగొచ్చింది, ఇద్దరూ నా మీద అరుస్తూనే ఉంటారు.

ఆమె తన ఫోను ఆఖర్న తీసేది. తలెత్తకుండా నాలుగు సున్నాలు నొక్కి సంచిలో పడేసేది. "మీ పర్లేదు ఎవరు తూస్తారు మామ్మా?" అని ఒకసారి ఆటపట్టించాను. "నాకు నేనే అబద్ధం చెప్పుకుంటానా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యూనివర్సిటీ తరఫున పనిచూసే కుర్ర డాక్టరు పేరు పియో. చాలా మర్యాదస్తుడు. వేసవిలో ఫోన్ చేసి, దేశంలో ఇంత కలివిడిగా ఉండే ఊరు తమకు దొరకలేదని తెగ సంబరపడ్డాడు. అక్టోబరులో లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. ముసలివాళ్ళంతా పొద్దుపుచ్చే హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు.

"నిన్న తొమ్మిదిమందీ తలా తొమ్మిది వేల నాలుగువందల పన్నెండు అడుగులు వేశారు. ఒక్క అడుగు తేడా లేదు" అన్నాడు. తర్వాత దాన్యాంగ్ మామ్మ నడుం వైపూ, ఆమె తోపుడుబండి వైపూ చూసి, "ఫోన్లు ఎవరి దగ్గర ఉంటున్నాయండీ?" అని అడిగాడు.

బోంగ్వా మామ్మ సంచి విప్పి, ఫోన్లన్నీ ఒక్కొక్కటే నేల మీద పెట్టింది.

అతను కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "ఎదురుగా మనిషి ఉంటే ఎవరూ నిజం చెప్పరు అమ్మగారూ. ఫోనుకైతే చెప్తారు" అన్నాడు.

"ఎవరన్నారు?" అంది దాన్యాంగ్ మామ్మ.

"పరిశోధనల్లో తేలిందండీ."

"ఆ తేలినవాళ్ళలో మా ఊరివాళ్ళెవరైనా ఉన్నారా?"

అతను నవ్వి లాప్‌టాప్ మూశాడు. ఏడు నెలల లెక్కలూ పనికిరావని తీసేశారు. డిసెంబరు ఒకటి నుంచి మళ్ళీ మొదటి నుంచి కొలుస్తామన్నారు. చదువు రానివాళ్ళకు ఫోనే మాట్లాడి అడుగుతుంది, అంకెలకు బదులు నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలుంటాయి, ఎవరిది వాళ్ళే నొక్కుకోవాలి. ఎవరి ఫోను వాళ్ళకు అప్పగించానని, ఇకమీదట ఒకరిది ఇంకొకరు ముట్టరని ఒక కాగితం మీద నేను సంతకం పెట్టాలి.

పెన్ను పట్టుకుని బోంగ్వా మామ్మని అడిగాను. "పర్లేదా మామ్మా?"

ఆమె ఖాళీ సంచిని నాలుగు మడతలు పెడుతోంది. "పర్లేదు" అంది.

ఏడు నెలలు ఆమె పక్కన కూర్చుని విన్నదాన్ని. ఆ పర్లేదు ఎంతదో నాకు తెలియలేదంటే దేవుడు కూడా నమ్మడు. తెలిసింది. కానీ పియో కారు బయట ఆగి ఉంది, నాకు ఇంకో ఊరు వెళ్ళాలి. సంతకం పెట్టేశాను.

డిసెంబరు నుంచి సేత్‌గోల్ అంతా ఆకుపచ్చే. మా వాళ్ళు మనిషికే కాదనలేరు, ఫోనుకు చెప్తారా? ముద్దుగా మాట్లాడి అడుగుతుంటే ఏడుపు మొహం నొక్కడం మర్యాద కాదని, తొమ్మిదిమందీ నవ్వు మొహమే నొక్కారు. పియో సంతోషంగా ఫోన్ చేశాడు, కొత్త పద్ధతి అందరికీ నచ్చిందట.

బోంగ్వా మామ్మ చుక్క కూడా ఆకుపచ్చే. రోజుకు తొమ్మిది వేల అడుగులు వేసే మనిషి ఇప్పుడు మూడువందలు వేస్తోంది, మంచం నుంచి వంటగదికి, వంటగది నుంచి మంచానికి. ఫోను దాన్ని పట్టుకోవాలి కదా అంటారు. పట్టుకునేదే. మనిషి మామూలుగా ఎంత నడుస్తుందో దానికి తెలియాలి, అంతకన్నా తగ్గితే అది కేక పెడుతుంది. ఆ తొమ్మిది వేలున్న లెక్కలు తీసేశారుగా. డిసెంబరు ఒకటిన ఆమె గదిలో కూర్చుంది, రెండునా కూర్చుంది. ఈమె తీరే ఇంతని ఫోను రాసుకుంది.

దానికి తెలియదు సరే, నాకేమైంది? డిసెంబరు మూడో మంగళవారం వెళ్తే ఇల్లు అద్దంలా ఉంది. మిరపకాయలు ఆరబోసే పట్టాలు పక్కింటికి ఇచ్చేసిందట. మూడేళ్లు మాగబెట్టిన సోయా ముద్ద జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. "నాకొక్కదానికి ఎక్కువైంది, తీసుకుపో" అంది. కుక్కని ఇచ్చేశాడంటే తక్ తాతని ఆస్పత్రికి పరిగెత్తించిన మనిషి, తన జాడీ నా చేతిలో పెడితే నేనేం చేశాను? థాంక్స్ చెప్పి, డిక్కీలో పెట్టుకుని, ఇంటికెళ్ళి చారు కాచుకుని తాగాను. చాలా బాగుందని మర్నాడు ఫోన్ చేసి మరీ చెప్పాను.

జనవరి పధ్నాలుగు, మంగళవారం. రోడ్డు మీద మంచు గడ్డకట్టి అద్దంలా జారుతోంది. పొద్దుటి నుంచి నాలుగిళ్ళు చూసుకుని, ఒంటిగంటన్నరకి బోంగ్వా మామ్మ ఇంట్లో వెచ్చటి నేల మీద కూర్చుని పొట్లం కాఫీ తాగుతూ నా కాగితంలో గళ్ళు నింపాను. భోజనం, బాగుంది. నిద్ర, బాగుంది. మానసిక స్థితి, బాగుంది. లేవబోతుంటే బయట చక్రాల చప్పుడైంది.

దాన్యాంగ్ మామ్మ. కింది వీధి నుంచి ఆ మంచులో బండి తోసుకుంటూ వచ్చింది. ఎంతసేపు పట్టిందో, ముక్కు కొస ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

"మీకేమన్నా మతి పోయిందా మామ్మా? జారి పడితే ఎవరు లేపుతారు?" అని అరిచాను.

"నువ్వు ఆగు టీచరూ. ఆ ఫోనులో ఆడమనిషి రేడియోలో వాతావరణం చెప్పినట్టు అడుగుతుంది. దానితో నాకేం మాటలు? మొహాలు నొక్కీ నొక్కీ విసుగొచ్చింది." చెప్పులు విప్పి లోపలికి పాక్కుంటూ వచ్చి, బోంగ్వా మామ్మ మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేలా కూర్చుంది. "రెండవుతోందిగా. బోంగ్వా, ఒంటరిగా ఉందా?"

"ఏంటక్కా ఇది?"

"నా వంతు. ఇన్నాళ్ళూ నువ్వడిగావు. నాకు చదువు రాకపోయినా ఆ నాలుగూ నోటికొచ్చు. ఒంటరిగా ఉందా?"

"పర్లేదు."

"మనసు బరువుగా ఉందా?"

"పర్లేదక్కా. కాఫీ తాగుతావా?"

"తర్వాత. ఇవాళ ఎవరితో మాట్లాడావు?"

"టీచరు వచ్చిందిగా."

"టీచరు వారానికోసారి వస్తుంది. నిన్న?"

బోంగ్వా మామ్మ నా ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టింది.

"మొన్న?"

"ఎవరూ రాలేదక్కా. నువ్వు కూడా."

దాన్యాంగ్ మామ్మ తల వంచుకుంది. "రాలేదు. నడుం అంటాను గానీ, అది కాదు. ఫోన్లు తిరిగిచ్చేశాక నువ్వు రావడం మానేశావు, పని అయిపోయింది కాబట్టి మానేశావనుకుని నాకు రోషం వచ్చింది. నాదే తప్పు" అంది. తర్వాత చెయ్యి చాచి బోంగ్వా మామ్మ చేతులు రెండూ పట్టుకుంది. "నాలుగోది. బతికి ఏం లాభం అనిపించిందా?"

ఆమె పర్లేదు అనాలని ఎంత కోరుకున్నానో నాకే సిగ్గుగా ఉంది. ఆమె అనలేదు.

"అనిపించింది" అంది.

"ఎన్నిసార్లు?"

"రోజూ. ఫోన్లు ఇచ్చేసిన దగ్గర్నుంచి రోజూ. పదింటికి లేచి నిలబడతానక్కా. వెళ్ళడానికి ఇల్లుండదు."

మాకు ట్రైనింగులో చెప్పారు, ఇలాంటప్పుడు తిన్నగా అడగాలని. అడిగాను. "ఎప్పుడని అనుకున్నారా మామ్మా?"

"మా ఆయన తద్దినం ఇరవై మూడున. ఎండుచేప తెచ్చేశాను. ఆయనకి అది పెట్టేవాళ్ళు నా తర్వాత లేరుగా, ఈసారికి పెట్టేద్దామని." ఆ తేదీ ఆమె కరెంటు బిల్లు గడువు చెప్పినట్టు చెప్పింది.

ఇరవై మూడుకి ఇంకా తొమ్మిది రోజులుంది. నా చేతిలో కాగితం మీద ఇంకు ఆరలేదు, మానసిక స్థితి బాగుంది.

ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆమెకు కోటు తొడిగించి కారెక్కించాను. దాన్యాంగ్ మామ్మని ఇంటి దగ్గర దింపుతానంటే వినలేదు. బండి అక్కడే వదిలేసి వెనక సీట్లోకి ఎక్కి, బోంగ్వా మామ్మ చెయ్యి వదలకుండా కూర్చుంది. కొండ దిగేదాకా బ్రేకు మీదే కాలు పెట్టి నడిపాను.

నాకు కోపం ఆగలేదు. నా మీద కోపం, బోంగ్వా మామ్మ మీద తీర్చుకున్నాను. "నవ్వు మొహం ఎందుకు నొక్కారు మామ్మా? ఊళ్ళో వాళ్ళకి తెలియదు, మీకు తెలుసుగా. ఒక్కసారి ఏడుపు మొహం నొక్కితే నేను పరిగెత్తుకుని వచ్చేదాన్ని కదా. రోజూ వచ్చేదాన్ని కదా."

అద్దంలో నా కళ్ళలోకి చూసింది.

"అందుకే నొక్కలేదు టీచరూ. రోజూ రావాలిగా నువ్వు. ఈ మంచు రోడ్డు మీద, చిన్న కారు. ఏమైనా అయితే మీ ఇంట్లో వాళ్ళకి నేనేం చెప్పను?"

కారు పక్కకి తీసి ఆపాను. స్టీరింగు మీద తల పెట్టుకుని, యాభై ఏడేళ్ల దాన్ని, ఆ ఇద్దరి ముందూ చిన్నపిల్లలా ఏడ్చాను. కాసేపు చూసి దాన్యాంగ్ మామ్మ వెనక నుంచి నా భుజం తట్టింది.

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు పోనియ్" అంది. "ఆస్పత్రి మూసేస్తారు."